అన్నయ్య ఖాతా

రంగుల దుకాణం పైగదిలో లెక్కలు చూసే ఆవిడని అందరూ పద్దులమ్మ అంటారు. ఆవిడది ఉడుంపట్టు. ఉతికిన బట్టల్లో ఒక సాక్సు తక్కువైతే అది దొరికేదాకా తనని మంచం మీద కూడా కూర్చోనివ్వదని భర్త వాపోతుంటాడు.

కొత్త కంప్యూటర్ ప్రోగ్రాంలోకి పాత లెక్కలు ఎక్కిస్తుంటే అది మొరాయించింది. కొన్ని పద్దులకు ఖాతా లేదంది. పద్దులమ్మ వాటిని ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుంది. అన్నిటి మీదా ఒకే ఖాతా నంబరు ఉంది. ఆ నంబరుతో ఖాతా మాత్రం లేదు. పాత ప్రోగ్రాంలో ఖాతా తీసేస్తే దాని కింది పద్దుల సంగతి ఎవరూ అడగరు, అవి అలాగే దిక్కులేకుండా పడి ఉంటాయి. తీసేసిందెవరో ఆవిడకు తెలుసు. ఈ దుకాణం అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టారు. గోడౌన్ తాళాల దగ్గర మొదలైన మాట పట్టింపు ముదిరి అన్న వెళ్లిపోయాడు. ముక్కు మీద కోపం ఉన్న తమ్ముడు ఆ రోజే పైకొచ్చి అన్న ఖాతా తీసిపారేశాడు. కోపం వస్తే కంచాలు విసిరేవాళ్లుంటారు; ఈయన ఖాతాలు విసిరే రకం.

అవన్నీ 'ఇతరులు' కింద పడేస్తే లెక్క కుదురుతుందని ప్రోగ్రాం అమ్మినాయన ఫోన్లో తేలిగ్గా చెప్పాడు. అలాగే చేసి చేతులు దులుపుకోమన్నాడు తమ్ముడు. లెక్క కుదిరే మాట నిజమే. కాని అవి అన్న పెట్టిన పెట్టుబడి పద్దులు. ఇతరుల్లో కలిసిపోతే, రేపు ఆయన వాటా అడిగినా ఈ లెక్కల్లో ఆనవాలు దొరకదు. పద్దులమ్మకు ఒళ్లు మండింది. తనకు ఈ ఉద్యోగం ఇచ్చింది ఆ అన్నే.

"ఆయన ఇతరులెలా అవుతారండీ? నా చేత్తో నేను రాయలేను. కావాలంటే ఇంకెవరినైనా పెట్టుకోండి" అంది.

తమ్ముడు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అటే తిరిగి, ఎలా ఉండాలో అలాగే పెట్టమని గొణిగాడు.

ఆవిడ పాత నంబరుతోనే ఖాతా తిరిగి తెరిచి పేరు రాసింది. ఫోన్ నంబరు ఇస్తే తప్ప ప్రోగ్రాం ముందుకు కదలనంది. నంబరు కోసం ఆవిడ సంచిలో తన ఫోను వెతుక్కుంటుంటే, నెలల తరబడి అన్నతో మాటల్లేని తమ్ముడు వెనక నుంచి గడగడా చెప్పేశాడు.

పద్దులన్నీ వెళ్లి ఖాతాలో కుదురుకున్నాయి. ఖాతా తెరిచినట్టు ఆ ఫోనుకు మెసేజ్ పంపాలా అని తెర మీద ఇంకో ప్రశ్న వచ్చింది. పద్దులమ్మ వద్దని నొక్కబోయి, ఆగి, ఆయన వంక చూసింది.

"పంపండి. అన్నయ్యకి తెలియాలి కదా" అని, తమ్ముడు తన ఫోను బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.