ఫిట్టరు మావయ్య తనిఖీ చేసిన ఇంజను షెడ్డు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, నా చేతిలో గొప్ప పనితనం ఉందని. రెండు, ఆ సంగతి తెలియకపోవడం లోకం చేసుకున్న దురదృష్టమని. టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబు అసిస్టెంటుగా చేరి అప్పటికి ఏడాది. నాన్న లేరు. పలాసలో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో అమ్మా నేనూ, రెండో గదిలో నా రైల్వే. (అవును, రైల్వేకి విడిగా ఒక గది. అమ్మ చీరలకి మాత్రం దండెమే దిక్కు.) విశాఖలో పాత సామాన్ల కొట్లో కొన్న బొమ్మ ఇంజను, నాలుగు పెట్టెలు, ప్లైవుడ్ బల్ల మీద గుండ్రంగా తిరిగొచ్చే పట్టాలు, అదే నా రైల్వే.

అలాంటి నాకు నౌపడ నుంచి సంబంధం వచ్చింది. పిల్లని చర్చి కూడికల్లో రెండుసార్లు చూశాను, ఇక ఇంకెవరినీ చేసుకోనని తేల్చుకున్నాను. కానీ వాళ్ల నాన్న ఉన్నాడే, ఉద్యోగమంతా ఎక్కడెక్కడో రైల్వే లోకో షెడ్లలో ఇంజన్లు బాగుచేసే ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, అప్పటికే ముగ్గురు పెళ్లికొడుకుల్ని తిప్పి పంపేశాడు. "పనంటే ఏటో తెలీనోడికి మా పిల్లనివ్వను" అనేది ఆయన మాట. ఇంకేం, నా పంట పండిందనుకున్నాను. బొగ్గు ఇంజన్ల కాలం నాటి షెడ్డు ఒకటి నా బల్ల మీద కట్టి చూపిస్తే, ఆయన అక్కడికక్కడే పెళ్లి ఖాయం చేసేయడూ!

నోటుబుక్కు నిండా ప్లాన్లు గీశాను. జీడిపప్పు డబ్బాల రేకు కత్తిరించి షెడ్డుకి కప్పు వేశాను. నీళ్ల ట్యాంకుకి మందు సీసా మూత, ఇంజన్ని గిర్రున తిప్పే బల్లకి పాత గడియారం చక్రం. గుమ్మంలోంచే అందంగా కనబడాలని షెడ్డుని అన్నిటికంటే ముందు పెట్టాను. ఇక మిగిలింది బొగ్గు. అమ్మ జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే పనికి వెళ్లేది. కాల్చిన పిక్కల తొక్కు నల్లగా నిగనిగలాడుతూ అచ్చం బొగ్గులాగే ఉంటుంది. గుప్పెడు తెచ్చి, కాగితంతో పట్టుకుని చిన్న ముక్కలు చేసి గుట్ట పోశాను. ఆ తొక్కులోని నూనె ఒంటిని కాలుస్తుందని పలాసలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. వచ్చేవాళ్లకి ఆ సంగతి చెప్పాలని మాత్రం తట్టలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, నా షెడ్డు కబురు విని ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు. భోజనం సంగతి తరవాత, ముందు షెడ్డు చూపించమన్నాడు. బొగ్గు గుట్ట కనబడగానే మొహం వెలిగిపోయింది. "ఓహో, బొగ్గు కూడానేటి!" అని రెండు ముక్కలు తీసి, అలవాటుకొద్దీ వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, తృప్తిగా మీసం దువ్వుకున్నాడు. నేను "మావయ్యగారూ..." అన్నాను, అదీ మెల్లిగా. (వారిస్తే మర్యాదగా ఉండదేమోనని!) కంచాల ముందు కూచునేసరికి మంట మొదలైంది. ఎవరింటికెళ్లినా కూర చల్లారేదాకా ప్రార్థన చేస్తాడని పేరున్న మనిషి, ఆ రోజు "తండ్రీ స్తోత్రం ఆమెన్" అని ఒక్క గుక్కలో ముగించి పెరట్లోకి పరిగెత్తాడు.

"ఓలమ్మో, తొక్కు ముట్టుకున్నావేటి అన్నియ్యా!" అంటూ అమ్మ ఆముదం సీసాతో వెనకే వెళ్లింది. ఆయన వేళ్లకీ పెదవికీ ఆముదం పట్టించి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ పట్టించింది. మధ్యలో నా వంక తిరిగి, "నీ బొగ్గు తగలెయ్య! ఇంటికొచ్చిన మడిసిని కాల్సీసేవు కదరా!" అంది. ఆయన మాత్రం అమ్మ చేతులకేసి చూస్తున్నాడు. నల్లబారి, పొరలు పొరలుగా చర్మం లేచిపోయిన చేతులు.

ఆముదం ఓడుతున్న మీసంతో మళ్లీ నా బల్ల దగ్గరికొచ్చాడు. "బాబూ, డ్యూటీ దిగిన ఇంజను ముందేటి సేత్తాది?"

"షెడ్లోకి ఎల్తాదండి."

"కడుపులో బూడిదతో, ఆకలితో ఎల్లి తొంగుంటాదేటి? ముందు బూడిద దులపాల. అప్పుడు బొగ్గు, నీళ్లు, సక్రాలు జారకుండా ఇసక. ఆ తరవాతే షెడ్డు. నీ ప్లాన్లో బూడిద దులిపే సోటే లేదు." నేను గబగబా రాసుకున్నాను. "పోనీ ఇది సెప్పు. మీ యమ్మ పన్నించొచ్చి ముందేటి సేత్తాది?"

ఇది తేలిక ప్రశ్న. హుషారుగా చెప్పాను. "నాకు అన్నం పెడతాదండి."

"మరి ఆవిడెప్పుడు తింటాది?"

నాకు తెలియదు. నిజంగానే తెలియదు. ఇరవై నాలుగేళ్లుగా ఆవిడ చేతి అన్నం తింటున్నాను.

"షెడ్డు మళ్లీ గీయి బాబూ" అని ఆయన వెళ్లిపోయాడు. సంబంధం పోయిందని అమ్మ ఏడ్చింది. నేనూ పోయిందనే అనుకున్నాను.

మర్నాడు టెక్కలి నుంచి తొందరగా వచ్చి పెరట్లో కూచుని చూశాను. అమ్మ వచ్చింది. చేతులకి ఆముదం రాసుకుని, బూడిదతో తోముకుని, కూచోకుండానే పొయ్యి వెలిగించింది. నాకు పెట్టింది. నేను తిని రైల్వే గదిలోకి వెళ్లి తలుపు చాటునుంచి చూస్తే, అడుగున మిగిలి చల్లారిపోయింది తింటోంది. సిగ్గుతో చచ్చిపోయాను. రెండో రోజు నీళ్లు తోడి పెట్టాను. మూడో రోజు అన్నం వండాను. (ముద్దయింది. బాగుందిరా అని అమ్మ అబద్ధమాడింది.) ఆ వారమే రైల్వే బల్ల సగానికి కోసేసి, ఆ గదిలో అమ్మకి మంచం వేశాను. మిగిలిన సగంలో షెడ్డు చివరికి వెళ్లింది, బూడిద దులిపే చోటు ముందుకొచ్చింది.

నెల తిరగ్గానే ఒక సాయంత్రం ఆయన చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. "ప్లాను మార్చానండి, చూద్దురుగాని రండి" అంటున్నా వినిపించుకోలేదు. మంచం మీంచి కంగారుగా లేవబోతున్న అమ్మతో "నెగవకు సెల్లెమ్మా, తొంగో" అన్నాడు. పీట లాక్కుని నా పక్కన కూచుని, గిన్నెలోకి తొంగి చూశాడు.

"పప్పేటి?"

"అవునండి."

"ఉప్పు సూసుకునెయ్యి. మా పిల్లకి ఎక్కువైతే పడదు."

ఆ మాట నా బుర్రకెక్కేసరికి పప్పు మాడిపోయింది.

ఇప్పుడు నాకూ పెళ్లీడుకొచ్చిన కూతురుంది. ఆనాటి నాలాంటివాడు నోటుబుక్కు చంకలో పెట్టుకుని నా గుమ్మంలోకొస్తే, మంచినీళ్లిచ్చి మర్యాదగా బస్సెక్కించేస్తాను. ఆయన పిల్లనిచ్చాడు.