జిగురక్క కుడిచెయ్యి

ఆమె అసలు పేరు రేషను కార్డులో ఉండే ఉంటుంది గానీ, వీధిలో ఎవరినడిగినా జిగురక్క అనే చెబుతారు. పద్దెనిమిదో ఏట పుస్తకాల బైండింగ్ షాపులో చేరింది, యాభై ఎనిమిదో ఏట బయటికొచ్చింది. మధ్యలో నలభై ఏళ్లు జిగురుతోనే కాపురం. మైదాపిండి ఉడకబెట్టిన జిగురు, డబ్బాల్లో వచ్చే తెల్ల జిగురు, తోలుకి వాడే రబ్బరు జిగురు, వీటిలో ఏది ఎంతసేపట్లో పట్టుకుంటుందో, ఏది దేనికి లొంగుతుందో ఆమెకి వెన్నతో పెట్టిన విద్య.

ఆ షాపులో ముసలి మేస్త్రి ఒకడుండేవాడు. మహా చండశాసనుడు. పుస్తకం వీపుకి జిగురు రాస్తున్నప్పుడు చూపు పక్కకి పోతే ఊరుకునేవాడు కాదు. ప్రతి బల్లకీ కుడివైపు గోడకి ఒక మేకు, దానికో పాతగుడ్డ. వేళ్లకి జిగురు అంటితే కళ్లు తిప్పకుండా చెయ్యి మాత్రం చాచి ఆ గుడ్డకి తుడుచుకోవాలి. "కళ్లు పుస్తకం మీద. చెయ్యి దాని దారిన అది పోయొస్తుంది," అనేవాడు. జిగురక్క ఆ మాట ఒక్కరోజు తప్పింది. ఎవరో పిలిస్తే తలతిప్పింది, కాగితాలు కోసే మిషను ఆమె కుడిచేతి ఉంగరపువేలి కొస పట్టుకుపోయింది. నెల తిరక్కుండా మళ్లీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత చచ్చినా తల తిప్పలేదు.

రిటైరయ్యాక ఇంట్లో వంటగది తలుపు పక్కన ఒక బల్ల వేయించుకుంది. కుడివైపు మేకు, మేకుకి గుడ్డ. ఇరుగుపొరుగు చిరిగిన నిఘంటువులూ పిల్లల పుస్తకాలూ తెచ్చిస్తారు. వాటితోపాటు జిగురు మరకలు పడ్డ బట్టలూ తెస్తారు. ఆమె చొక్కా చేతిలోకి తీసుకోకముందే తిట్లు మొదలుపెడుతుంది.

"వేడినీళ్లు పోశావా? ఇస్త్రీ పెట్టావా? లేదు కదా? అమ్మయ్య! సగం బట్టలు జిగురు వల్ల పాడవవే తల్లీ, మీ కంగారు వల్ల పాడవుతాయి."

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి మనిషి ఇంట్లోనే ఒక ఆదివారం పొద్దున కోడలు నీలం కోటు చేత్తో పట్టుకుని, మొహంలో నెత్తుటి చుక్క లేకుండా నిలబడింది.

ఆ కోటు సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కోడలి తల్లి టైలరు. కూతురు ల్యాబ్ టెక్నీషియన్ చదువుతున్నప్పుడే ముందుచూపుగా ఉన్ని బట్ట తెచ్చి కుట్టింది. "మొదటిసారి ఉద్యోగానికి పిలుపొచ్చిన రోజు వేసుకో," అంది. పిలుపు రాకముందే ఆవిడ పోయింది. ఆ తర్వాత పెళ్లి, బిడ్డ, ఏడేళ్లు. ఇప్పుడు పెద్దాసుపత్రి నుంచి పిలుపొచ్చింది, సోమవారం పది గంటలకి. గాలి తగలాలని శనివారం సాయంత్రం పెట్టెలోంచి తీసి తగిలించింది. తెల్లారి చూస్తే కుడి జేబు కింద తెల్లగా, గట్టిగా, అట్టకట్టిన మరక.

"ఇంకోటి వేసుకుని వెళ్తాలెండి," అంది కోడలు. కోటు మాత్రం చేతిలోంచి వదల్లేదు.

"నోర్ముయ్. మీ అమ్మ కుట్టింది నువ్వు వేసుకునే వెళ్తావు. ఇలా తే."

జిగురక్క కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. బొటనవేలితో మరక మీద ఒకసారి నిమిరింది. "తెల్ల జిగురు. రాత్రంతా ఆరింది. లోపలికి ఇంకా దిగలేదు. ఇదేం పెద్ద పని!" అంటూనే వెనక్కి తిరిగి కొడుకు మీద పడింది. "నిన్న నా సీసా తీసుకుని ఫొటో ఫ్రేము అతికించింది ఎవడ్రా?"

"నేనే అమ్మా. కానీ నేను డాబా మీద కూర్చుని..."

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు చూడు! మూత పెట్టవు, చేతులు కడగవు. పెళ్లాం కోటే దొరికిందా నీకు తుడుచుకోడానికి?"

కొడుకు భార్య వైపు చూశాడు. ఆమె చూపు కోటు మీదే ఉంది. పాపం, పిల్లని తీసుకుని డాబా ఎక్కేశాడు.

జిగురక్క పని మొదలుపెట్టింది. మంచుముక్కలు ప్లాస్టిక్ సంచిలో వేసి మూతికట్టి మరక మీద పెట్టింది. జిగురు చల్లబడితే బిగుసుకుపోతుంది, బిగుసుకున్నది విరుగుతుంది. పావుగంట ఆగి, కాగితం మడతలు నొక్కే చెక్కబద్ద తీసి, మొండి అంచుతో మెల్లగా గీకింది. పైపెచ్చులు అప్పడం ముక్కల్లా లేచొచ్చాయి. గీకుతూనే గుండీ కాజాలు వేలితో తడిమి చూసింది. చేత్తో కుట్టిన కాజాలు. ఒక్క కుట్టు అటూ ఇటూ లేదు.

"మీ అమ్మ పనిమంతురాలే," అంది. ఏడేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. కోడలు కళ్లు తుడుచుకుంది.

"ఏడవకు, కోటు మీద పడుతుంది. స్పిరిట్ సీసా, దూది, తెల్లగుడ్డ పట్రా. ముందు లోపలి కుట్టు దగ్గర ఒక్క చుక్క వేసి చూడాలి. రంగు పోతే మన కొంప మునిగినట్టే."

రంగు పోలేదు. ఇక మిగిలింది దారాల సందున పట్టిన సన్నని పొర. దానికి చూపు కావాలి. కళ్లజోడు తెప్పించుకుని, కోటు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టింది.

పైపెచ్చులు పోయాక అడుగున మరక ఆకారం తేటగా కనిపించింది. అది ఒలికిన జిగురు కాదు. నాలుగు చారలు. పైనుంచి కిందికి ఒక్క దెబ్బన తుడిచినట్టు పక్కపక్కనే నాలుగు చారలు. మూడు పొడుగు. ఒకటి పొట్టి.

జిగురక్క తన కుడిచేతి వేళ్ల వైపు చూసుకుంది. తల మెల్లగా వంటగది తలుపు వైపు తిప్పింది. బల్ల, బల్ల పక్కన మేకు. మేకుకి గుడ్డ లేదు. అది శనివారం ఉతుక్కి వెళ్లింది. మేకు ఖాళీగా ఉందని కోడలు కోటు అక్కడ తగిలించింది. దీపాలు పెట్టే వేళకి తను పక్కింటి మాస్టారి నిఘంటువు ముందేసుకుని కూర్చుంది. కళ్లు పుస్తకం మీదే ఉన్నాయి. చెయ్యి దాని దారిన అది పోయొచ్చింది.

చేతిలో దూది వణికింది. నలభై ఏళ్లలో జిగురు ముందు ఆ చెయ్యి వణకడం ఎవరూ చూడలేదు. చచ్చిపోయిన తల్లి కుట్టిన కోటు, రేపటి ఉద్యోగం, తను మాత్రం కొడుకుని నానా మాటలూ అంది. సిగ్గుతో చితికిపోయింది. దూదితో నాలుగు రుద్దులు రుద్దితే ఆ చారలు మాయమవుతాయి, ఎవరికీ తెలీదు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. వచ్చినదాన్ని అక్కడే తొక్కేసింది.

"అమ్మాయ్, ఇలా రా. ఇది నీ మొగుడు చేసింది కాదు. నా చెయ్యే. ఇదిగో చూడు, నా పొట్టివేలు." చెయ్యి కోడలి ముందుకు చాచింది. "తప్పు నాదే తల్లీ."

కోడలు చూడటానికి వంగలేదు.

"తెలుసు అత్తయ్యా. మీ మేకుకి తగిలించింది నేనే కదా, పొద్దున్నే ఆ చారలు చూశాను."

"చూసి నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నావా! వాణ్ని అన్నేసి తిడుతుంటే?"

"ఆయనకి తర్వాత చెప్పుకోవచ్చు. మీకు ముందే చెబితే మీ చెయ్యి వణుకుతుంది. మరక తియ్యగలిగేది ఈ ఇంట్లో ఆ చెయ్యొక్కటే కదా. ఇప్పుడు కూడా అదే తియ్యాలి. కానివ్వండి."

జిగురక్క కోడలి మొహంలోకి చూసింది. ఈ పిల్లకి నోట్లో నాలుక లేదనుకుంది ఇన్నాళ్లూ! మేస్త్రికి తీసిపోయేలా లేదు.

కోటు అడుగున తెల్లగుడ్డ పరిచింది. దూది స్పిరిట్‌లో ముంచి పిండి, అంచునుంచి మధ్యకి అద్దడం మొదలుపెట్టింది. రుద్దడం లేదు, అద్దడమే. జిగురు మెత్తబడి అడుగుగుడ్డకి అంటుకుంటే గుడ్డ జరపడం, మళ్లీ అద్దడం. పొడుగు చారలు మూడూ పోయాయి. పొట్టిచార అన్నిటికంటే మొండికేసింది. దాని సంగతీ తేల్చింది. ఆఖరున చల్లటి సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి తుడిచి, నీడలో పరిచింది. వేలు పెట్టి చూస్తే ఉన్ని మెత్తగా ఉంది. తర్వాత డాబా ఎక్కి కొడుకు దగ్గరా ఒప్పుకుంది. వాడు నమ్మడానికి కాసేపు పట్టింది.

సోమవారం పొద్దున కోడలు కోటు తొడుక్కుని గది బయటికొచ్చింది. అత్తగారు బల్ల దగ్గర నిఘంటువు ముందు కూర్చుని ఉంది.

"అత్తయ్యా, గుండీలు మీరు పెట్టండి. అమ్మ ఉంటే తనే పెట్టేది."

జిగురక్క లేచింది. చేతులు సబ్బుతో కడుక్కుంది, తువ్వాలుతో ఒకటికి రెండుసార్లు తుడుచుకుంది. ఆ పైన కుడిచేతి మీంచి చూపు తిప్పకుండా, అది ఎక్కడికి పోతోందో చూసుకుంటూ, మెల్లగా ఒక్కో గుండీ పెట్టింది.