మిషన్ మీద చెయ్యి పెట్టే పిల్ల

గుండ్లపోచంపల్లి మందుల గోదాంల నేను ఊడుస్తుంటి. అక్కడి కంప్యూటర్ పిల్ల, మిషన్ ఆగిందంటే, జ్వరం చూసినట్టు ముందుగాల దానిమీద అరచెయ్యి పెట్టేది.

మిషన్‌ను లోపల్నుంచి నడిపే ప్రోగ్రాం, కర్నెల్ అంటరు, అది కొత్తది వేసిన్నాడు గోదాం శేట్ కొబ్బరికాయ కొట్టిండు. అప్పటిసంది ఫైలు సేవ్ చేసి దాచబోతే చాలు, మిషన్ బిగుసుకపోయేది. బిల్లులు రాక మందుల లారీలు ఎండల నిలవడ్డయి.

"కొత్తదాంట్ల ఫైళ్లు దాచే కాడ చేసినోళ్లే చెడగొట్టిండ్రు సార్. మళ్ల పాతదే వేస్త" అన్నది పిల్ల.

"కొబ్బరికాయ కొట్టినదాన్ని తీస్తవా? తీస్తే రేపట్నుంచి రాకు!" అన్నడు శేట్.

పిల్ల పాతదే వేసింది. లారీలు కదిలినయి. శేట్ అన్నంత పని చేసిండు.

"ఎందుకు మొండికేసినవ్ బిడ్డా?" అన్న.

"మందులు కరాబైతయి గద అవ్వా" అన్నది. గేటుకాడ ఆగి, "ఇంట్ల ఏం చెప్పాలె?" అని అడిగింది.

నేను పిల్ల నుదుటిమీద అరచెయ్యి పెట్టిన.