వెండి దిర్హం మీది మాట

మహబూబీది కడప జిల్లా మైదుకూరు. పిల్లలు కలగలేదని భర్త తలాక్ చెప్పి మరో పెళ్లి చేసుకున్నాడు. పుట్టింట్లో వదిన మాటలు పడలేక ఆమె ఒమాన్ వచ్చి, నిజ్వా ఊళ్లో ఉమైమా అనే ముసలావిడను కనిపెట్టుకుని ఉండే పనిలో కుదిరింది.

ఉమైమాకు చూపు పోయింది. మెడలో ఎప్పుడూ గొలుసుకు వేలాడే పాత వెండి నాణెం, దిర్హం, ఒకటి ఉండేది. ఏనాటి ఖలీఫాల కాలానిదో. దాని మీద బొమ్మ లేదు, రాజు పేరు లేదు. అన్నీ అక్షరాలే.

ఆవిడను మహబూబీ అక్కడి అలవాటు ప్రకారం 'మామా' అనేది, అంటే అమ్మా అని. ఒకరోజు ఆవిడ తల దువ్వుతూ అడిగింది. "మామా, నేను ఖురాన్ చదువుతా గానీ ఈ రాత ఒక్క ముక్కా తెలీడంల్యా. అక్షరాలకు చుక్కలే లేవు."

"పాత రాతకు చుక్కలుండవు, బింతీ." కూతుళ్లను పిలిచినట్టే ఉమైమా ఆమెనూ అలా పిలిచేది. మహబూబీ వేలు పట్టుకుని వెండి మీద నడిపిస్తూ చదివింది. "అల్లాహు అహద్, అల్లాహుస్సమద్, లమ్ యలిద్ వ లమ్ యూలద్."

అది మహబూబీ చిన్ననాటి నుంచి నమాజులో చదువుతున్న సూరాయే, ఖురాన్‌లోని చిన్న అధ్యాయం. అర్థం మాత్రం ఎవరూ చెప్పలేదు.

"అల్లాహ్ ఒక్కడే. ఆయనకు ఎవరి అవసరమూ లేదు, అందరికీ ఆయనే దిక్కు. ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు," అంది ఉమైమా.

మహబూబీ చేతిలో దువ్వెన ఆగిపోయింది. "కనలేదని నన్ను ఇంట్లోంచి గెంటేసినారు మామా. ఆ మాటే ఆయనకు పొగడ్తా?"

ముసలావిడ తడుముకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆయనతో మనకు పోలిక లేదు బింతీ. ఆ మాట ఆయనది. నీకోసం ఉన్నది దానికి ముందున్న మాట. సమద్. ఎవరూ లేనివాళ్లు వెళ్లి నిలబడే వాకిలి."

ఆ చలికాలం ఉమైమా మంచం పట్టింది. క్రమంగా నాలుక తిరగడం మానేసింది. మహబూబీ ఆమె వేలిని దిర్హం మీద ఉంచి సూరా పైకి చదివేది. పెదవులు కదిలేవి. ఒక శుక్రవారం ఉదయం అవీ ఆగిపోయాయి.

మస్కట్ నుంచి కూతురు కుల్సుమ్ వచ్చింది. గొలుసు తీసి తన మెడలో వేసుకుంది. తల్లికి ఆఖరి స్నానం చేయించడానికి ఆడవాళ్లు లోపలికి వెళ్తుంటే మహబూబీ గుమ్మం పక్కకు తప్పుకుంది.

"అక్కడెందుకు నిలబడ్డావు?" అంది కుల్సుమ్. "ఎడమ భుజం నొప్పి అనేది అమ్మ. ఎలా పట్టుకోవాలో నీకే తెలుసు. రా."

మహబూబీ చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. ఆ భుజం కింద అరచెయ్యి పెట్టి, మెల్లగా పైకెత్తింది. కుల్సుమ్ నీళ్లు పోసింది.