మాగని ఎరువు

మొన్న మా కోడలు పూలకుండీల కోసమని ఫోన్‌లో ఆర్డరు పెట్టి పేడ ఎరువు తెప్పించింది. గులాబీ బొమ్మ ఉన్న ప్లాస్టిక్ సంచీలోంచి గుప్పెడు తీసి వాసన చూస్తే ఏ వాసనా తగల్లేదు. పచ్చిపేడ కంపూ లేదు, బాగా మాగిన ఎరువుకుండే తొలకరి మట్టి వాసనా లేదు. పెంటదిబ్బను చూసి ఇల్లు ఎట్లాంటిదో చెప్పిన కాలం మనది. నేను ఉన్నదానికి కాస్త కలిపి చెబుతానని మా బజారంతా అంటారు గనక, ఈ ముచ్చట్లో గుడ్లు, చెప్పులు వచ్చినచోట కొంత తగ్గించుకుని నమ్మండి. పగ దగ్గర మాత్రం ఏమీ తగ్గించొద్దు.

బొల్లాపల్లి అవతల మా ఊళ్లో, నాన్న పోయిన ఏడు నేను అరక పట్టాను. మాకున్నది ఒక్క మిరపచేను. గట్టుకు ఆవల పెదనాన్న చేను. ఆ మెట్టలో ఎరువు పడితేనే పంట, పంట వస్తేనే మా పొయ్యిలో మంట. అందుకని అమ్మ ఏడాది పొడుగునా పేడ, బూడిద, గేదెలు వదిలేసిన చొప్ప దిబ్బలో వేసి, నీళ్లు చల్లి, నాచేత తిరగేయించి, చంటిబిడ్డను సాకినట్టు మాగబెట్టేది. మాగేటప్పుడు దాని కడుపులో ఎంత వేడంటే, నేను పొద్దున పాతిపెట్టిన కోడిగుడ్డు మధ్యాహ్నం సంగటిలోకి ఉడికి వచ్చేది. ఆ వేడి చల్లారి, చొప్పో పేడో తెలియకుండా నల్లగా పొడిపొడిగా రాలితేనే అది ఎరువు.

ఒక వేసవిలో మేము అచ్చంపేట పెళ్లికి వెళ్లి వచ్చేసరికి దిబ్బ స్థానంలో నున్నటి నేల మిగిలింది. పెదనాన్న బండ్లు కట్టించి మొత్తం తన చేలోకి తోలుకున్నాడు. అమ్మ బావగారితో ఎదురుగా మాట్లాడే మనిషి కాదు, మా ఇళ్లలో ఆ కాలపు ఆడవాళ్లెవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఏమన్నా అనాలంటే ఆయనకు వినబడేట్టు గేదెతో అనేది.

“ఏమే, గడ్డి తిన్నది నువ్వు, పేడ వేసింది నువ్వు. బాగుపడేది ఎవరో చూశావటే?”

పెదనాన్న తక్కువ తినలేదు. గోడవతల తన ఎద్దు వీపు నిమురుతూ, “ఒరేయ్, పెంట కోసం కూడా ఏడిచే కొంపల్ని యాడన్నా చూశావంట్రా?” అన్నాడు.

ఆ ఏడు మా చేలో చెట్టు మోకాలెత్తు కూడా లేవలేదు. ఇంట్లో రోజూ ఒకపూట పొయ్యి వెలిగించడం మానేశాం. అమ్మ తిట్టలేదు, పెద్దమనుషుల దగ్గరకూ పోలేదు. మరుసటేడు మా చేనుకు కావలసిన ఎరువును పెరట్లో పందిరి కింద గుంట తీసి చాటుగా మాగబెట్టింది. వీధివైపు దిబ్బలో మాత్రం పచ్చిపేడ, ఎండు మిరపకట్టె, వేరుశనగ పొట్టు తిరగేయకుండా కుక్కించి, వేసవి రాగానే పైనా పక్కలా నల్లటి మాగిన ఎరువును జానెడు మందాన కప్పించింది. తరవాత, క్రోసూరులో పెళ్లి ఉందని ఊరంతా వినబడేట్టు గేదెకు చెప్పి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. అక్కడ పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. మేనమామ ఇంట్లో కూర్చుని అమ్మ అంత కమ్మగా అన్నం తినడం నేను అంతకుముందు చూడలేదు.

దిబ్బలో గడ్డపార దించి, ఇనుము వేడిగా వస్తే మాగలేదని తెలుసుకోవడం పిల్లలకు కూడా తెలిసిన పని. మేము లేనిది చూసి మళ్లీ బండ్లు కట్టించిన పెదనాన్న గడ్డపార దించలేదు. మరదలి చేతి ఎరువుకు వంక ఉండదని ఆయన నమ్మకం. కూలీలు కాళ్లు కాలుతున్నాయంటే, “ఎండరా, ఎండ. తోలండి” అన్నాడట.

పచ్చి ఎరువు పడిన చేను చెదలకు విందు. కుదురుకున్న మిరపచెట్టు పొద్దున పచ్చగా ఉండి సాయంత్రానికి తలవాల్చేది. పీకితే వేరుండేది కాదు. ఆయన గట్టు మీద చెప్పులు విడిచి మంచినీళ్లు తాగి వచ్చేసరికి మేకులు మాత్రం మిగిలాయని నేను ఊరంతా చాటాను. అయితే చెదకు గట్టు తెలియదు గదా, అవతల తిన్నది చాలక ఇవతలికి వచ్చి మా చేను కూడా సగం తినేసింది. నేను తల పట్టుకుంటే అమ్మ అంది, “మనకు సగం పోయింది. ఆయనకు మొత్తం పోయింది. లెక్క సరిపోయిందిలేరా.”

ఎండిన చెట్లను పీకి గట్టుకు చెరోవైపు తగలబెట్టాం. కట్టెకు అంటుకున్న తాలు మిరపకాయలు కాలి, ఆ ఘాటుకు రెండు కుటుంబాలూ కళ్లనీళ్లతో, దగ్గులతో అల్లాడుతుంటే, అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గట్టు దాకా నడిచి, పెళ్లయి వచ్చాక మొదటిసారి ఆయన మొహంలోకి చూసి మాట్లాడింది.

“బావగారూ, ఈసారి గడ్డపార దించి చూసుకోండి.”

పెదనాన్న దగ్గుతూనే నిలబడ్డాడు. పక్కనున్న ఎద్దు వీపు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు.

ఇద్దరూ పోయి చానా ఏళ్లయింది. ఊళ్లో గొడ్లు తగ్గాయి, దిబ్బలు పోయాయి, ఎరువు సంచుల్లో వస్తోంది. ఇప్పుడు కోపమొస్తే సాయంత్రానికల్లా ఫోన్లో తిట్టుకుని మర్నాటికి మరిచిపోతున్నారు. ఒక మాటను ఏడాదిపాటు కడుపులో పెట్టుకునే ఓపిక ఎవరికీ లేదు. పెదనాన్న కొడుకు, మా అన్న, మంచివాడు. నరసరావుపేట పోతూ నేను కనబడితే కారు ఆపి ఎక్కించుకుంటాడు, ఏసీ కూడా నావైపే తిప్పుతాడు. ఎక్కుతాను, కబుర్లు చెబుతాను, నవ్విస్తాను. అమ్మ పస్తున్న పూటలు గుర్తొచ్చినప్పుడు మాత్రం, ఇంత మంచివాడి మీద ఏం పగ తీర్చుకోవాలో తోచక, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను.