రికవరీ రూమ్‌లో నిమ్మతొక్క

2003వ సంవత్సరం. మేడ్చల్‌లో హైవే పక్కనున్న ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నేను రికవరీ రూమ్ సిస్టర్‌ని. ఆపరేషన్ అయిన పేషెంటును మత్తు దిగి పూర్తిగా తెలివి వచ్చేదాకా ఉంచే గది అది. సర్జన్ గారి కత్తి పని అందరికీ తెలుస్తుంది, పేరూ ఆయనకే వస్తుంది. ఆ తర్వాతి పాట్లు మాత్రం మావి. ఆ పాట్లు పడటంలో నన్ను మించినవాళ్లు మా దగ్గర లేరు, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మత్తు దిగేటప్పుడు చాలామందికి కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. మావాళ్లు దీన్ని పి.ఓ.ఎన్.వి. అంటారు. వినడానికి చిన్న బాధే. కానీ పొట్ట కోసి కుట్టిన మనిషికి ఒక్కో డోకుకూ కుట్లన్నీ లాగుతాయి. దానికి ఇంజెక్షన్ ఉంది. ఇంజెక్షన్‌కు తోడుగా నేను అరోమాథెరపీ కూడా చేసేదాన్ని. పేరు పెద్దదే గానీ పని చిన్నది. గాజుగుడ్డ మీద రెండు చుక్కలు పెప్పర్‌మింట్ నూనె వేసి, ముక్కు దగ్గర పట్టుకుని, నిదానంగా ఊపిరి పీల్చి వదలమనడం. నాకు పని నేర్పిన మేట్రన్ దగ్గర అబ్బిన విద్య ఇది. మా మత్తు డాక్టరు గారు కోస్తా మనిషి, పేట్ బషీరాబాద్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. మంచివారే, కానీ నా నూనె సీసా కనపడితే చాలు, నవ్వేవారు.

ఆ వానాకాలంలో బాలమణి వచ్చింది. శామీర్‌పేట చెరువులో భర్త పట్టిన చేపలను గంపలో నెత్తిన పెట్టుకుని తూంకుంట దాకా తిరిగి అమ్మేది. అంతకుముందు ఇంకెక్కడో గర్భసంచి ఆపరేషన్ చేయించుకుంటే, వాంతులు ఆగక లోపలి కుట్లు విడిపోయాయి. ఆ పాత కోత దగ్గర పేగు ఉబ్బి బయటికి తోసుకొస్తోంది. ఇన్సిజనల్ హెర్నియా అంటే అదే. పేగు ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పని సర్జన్ గారు చెప్పారు. అయినా ఆమె అప్పటికి రెండుసార్లు అడ్మిటై, తెల్లారితే ఆపరేషన్ అనగా చెప్పాపెట్టకుండా ఇంటికి పోయింది. ఇది మూడో రావడం, ఎందుకలా పోయావని అడిగాను.

"కోతకు భయంలేదు సిస్టరమ్మా. గా వాంతులకే నా భయం. మల్ల కుట్లూడితే గంప ఎట్ల ఎత్తుకోవాలె? నాకు కూసోవెట్టి ఎవలు తిండి వెడ్తరు?" అంది.

"నీ వాంతుల సంగతి నాకిడిసిపెట్టు. నేనున్న గద," అన్నాను.

ఆ మధ్యాహ్నం రౌండ్స్‌లో ఆమె మంచం దగ్గరే నిలబడి, "ఈమెకు వాసన సంగతి చూడాలి సార్. అది నేను చూసుకుంటా," అని మత్తు డాక్టరు గారికి చెప్పాను. ఎప్పటిలాగే నవ్వి, "కానివ్వండి సిస్టర్," అన్నారాయన. నేను వెళ్లి సీసా తెచ్చేసరికి మంచం ఖాళీ!

మూడోసారీ పారిపోయిందనుకుని గేటు దాకా పరిగెత్తి వాచ్‌మన్ మీద కేకలేశాను. ఎవ్వరూ బయటికి పోలేదన్నాడు పాపం. తిరిగి వస్తుంటే వార్డు బాత్రూమ్‌లో నీళ్ల చప్పుడు. తలుపు తోసి చూస్తే, బాలమణి మోచేతుల దాకా సబ్బు పెట్టి రుద్దుకుంటోంది. మెడ దగ్గర చర్మం ఎర్రగా కందిపోయింది.

"ఏంజేస్తున్నవ్ బాలమణీ? గిట్ల పొట్ట వెట్టుకోని వంగి రుద్దుడేంది?"

"మీరే అంటిరి గద, వాసన సంగతి జూడాలె అని. సారు నవ్వవట్టె. నా దగ్గర నీసు వాసనొస్తదని నాకెర్కే సిస్టరమ్మా. సెవెన్ సీటర్ ఆటోల ఎక్కితే గూడ పక్కకు జరుగుమంటరు. ఆపరేషన్ జేసేటోళ్లు ముక్కు మూసుకుంటే మంచిగుంటదా?"

ముందు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఇక్కడ మనిషి దగ్గర నిలబడి వాసన అంటే కంపనే అర్థం. ఆమెను జరగమన్నవాళ్లు ఆ క్షణంలో నాకు దొరికి ఉంటే దుమ్ము దులిపేసేదాన్ని.

"నీ ఒంటి వాసన గాదే తల్లీ! ముక్కుకు ఇంకో వాసన జూపిచ్చి వాంతులు ఆపుత. నేనన్నది గదీ," అని చేతులు తుడిచి మంచం మీద కూర్చోబెట్టాను. గాజుగుడ్డ మీద నూనె చుక్క వేసి ఇచ్చానో లేదో, ఆమె మొహం పాలిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వద్దమ్మా! పోయినసారి వాంతులైతుంటే నెత్తికి గిసొంటి మందే రాసిన్రు. గిది ముక్కుకు తాకితే గా దినమే యాదికొస్తాంది."

తలనొప్పి బామ్‌లోనూ ఇలాంటి ఘాటే ఉంటుంది. ఎంతోమందికి హాయినిచ్చిన నా నూనె ఈమెకు వాంతినే గుర్తుచేస్తోంది. సీసా మూత బిగించేశాను. సీసా మీద నాకేం పంతం? పని జరగాలి.

"సరే, మరి నీకు కమ్మగ అనిపిచ్చేదేంది?"

"నిమ్మతొక్క," అంది. "చేపలన్నీ అమ్ముడువోయినంక నిమ్మతొక్కతోని చేతులు రుద్దుకుంట. గప్పుడే నా మనుమరాలిని ఎత్తుకుంట. పానం నిమ్మలమైతది."

మర్నాడు ఇంట్లోంచి నిమ్మకాయలు కడిగి తీసుకెళ్లాను. తొక్క చెక్కి, శుభ్రమైన గాజుగుడ్డలో చుట్టి, మూతగిన్నెలో పెట్టుకున్నాను. మత్తు డాక్టరు గారు చూడనే చూశారు.

"ఏంటి సిస్టర్, రికవరీ రూమ్‌లో పులిహోర కలుపుతున్నారా?"

"మీ ఇంజెక్షన్ మీరియ్యండి సార్, నా నిమ్మతొక్క నేనిస్త," అన్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. రికవరీ రూమ్‌లో బాలమణి కళ్లు తెరిచింది. కాసేపటికి గుటకలు మింగడం మొదలుపెట్టింది, నుదుటి మీద చెమట పట్టింది. గుటకలు పడ్డాయంటే వెనకాలే డోకు వస్తున్నట్టు. ఆమె తల పక్కకు తిప్పి, ట్రే దగ్గర పెట్టి, గాజుగుడ్డను గట్టిగా నలిపి ముక్కు దగ్గర పట్టాను. రెండో చెయ్యి కట్టు మీద ఆనించాను.

"నిమ్మతొక్క బాలమణీ. ముక్కుతోని మెల్లగ తీస్కో... నోటితోని ఇడువు... మల్ల తీస్కో."

భుజాలు పైకి లేచాయి. అయిపోయింది, వాంతి అవుతుందనుకున్నాను. నా చేతి కింద పొట్ట బిగుసుకుంది. నేను ఆపకుండా చెబుతూనే ఉన్నాను. ఊపిరి వదిలింది. పొట్ట వదులైంది. మరోసారి తిప్పింది, అదీ దాటిపోయింది. తర్వాత నా చేతిలోని గాజుగుడ్డ తనే లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. డాక్టరు గారు మంచం చివర నిలబడి చూస్తున్నారు. ఈసారి నవ్వలేదు.

సాయంత్రం వార్డుకు వెళితే, "సిస్టరమ్మా, ఆకలైతాంది," అంది బాలమణి. అబ్బ, ఎంత గర్వపడ్డానో! ఇంజెక్షన్ పనిచేసిందా, నిమ్మతొక్కా, నిదానంగా తీసిన ఊపిరా అని అడిగితే, మూడూ అంటాను. ఆమె ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు. కుట్లు విప్పే రోజుకు కోత చక్కగా అతుక్కుంది.

అప్పటినుంచి నేను ఏ నూనె సీసా మూతా ముందు తియ్యలేదు. ముందు అడగడం, తర్వాతే తియ్యడం. అడిగే మాట కూడా అవతలి మనిషి చెవికి ఎలా తగులుతుందో చూసుకోవాలని బాలమణి నేర్పింది. కొన్నాళ్లకు మత్తు డాక్టరు గారు ఆపరేషన్‌కు ముందు ఒక ముసలవ్వ మంచం దగ్గర నిలబడి, తన కోస్తా యాసలోనే మా మాటలు పలుకుతూ, "అవ్వా, నీకేది కమ్మగుంటది?" అని అడగడం విన్నాను. అప్పటిదాకా డాక్టర్లకు తల ఊపడం తప్ప నోరు విప్పని ఆ అవ్వ, "కూసో బిడ్డా, చెప్త," అంది.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.