చెక్‌పోస్టులో వేగిస మొద్దు

మా నాయనను ఆళ్లగడ్డ అవతల అటవీ చెక్‌పోస్టులో కూర్చోబెట్టారని ఫోన్ వచ్చినప్పుడు నేను నంద్యాల కాలేజీలో వృక్షశాస్త్రం పాఠం చెబుతున్నాను. చేని గట్టు మీది వేగిస చెట్టు గాలివానకు కూలిపోతే, అందులో ఒక మొద్దు ఆటోలో వేసుకుని బయల్దేరాడట. అది ఎర్రచందనమని పట్టుకున్నారట. వేగిస చెక్క గ్లాసులో రాత్రంతా నీళ్లు ఉంచి తాగితే షుగరు తగ్గుతుందని ఎవరో చెప్పారు. అలాంటి గ్లాసొకటి చేయించుకోవాలని ఆయన ఆశ.

బస్సులో గంటసేపూ నాకు అదే ఆలోచన. ఎర్రచందనం కేసులో ఇరుక్కుంటే బయటపడటం ఎంత కష్టమో మా వైపు అందరికీ తెలుసు.

నాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. పక్కనే మొద్దు. నరికిన చోట ఎర్రటి జిగురు కారి, నెత్తురు గడ్డకట్టినట్టుంది.

"'మా బిడ్డ చెట్ల పాఠాలు చెప్తాది' అని మీ నాయన ఒకటే పోరు. ఏం మేడం, ఇది చందనం కాదంటారా? రక్తం మాదిరి కారింటే?" అన్నాడు అధికారి.

"రెండూ ఒకే కుటుంబం సార్. రెంటికీ పసుపు పూలే, రెండూ కోస్తే ఎర్రగానే కారతాయి."

ఆయన 'ఒకే కుటుంబం' అని పుస్తకంలో రాసుకున్నాడు.

"ఆకు చూస్తే తెలిసిపోతుంది," అన్నాను తొందరగా. "చందనానికి రెమ్మకు మూడాకులు. దీనికి ఐదు, ఏడు."

"ఆకు యాడుంది ఈడ?"

లేదు. ఉన్నది మొద్దే. అప్పుడు గుర్తొచ్చి గాజుగ్లాసుతో నీళ్లడిగాను. మొద్దు నడిమి నుంచి ఒక పేడు చీల్చి అందులో వేశాను. చందనమైతే మునుగుతుంది. పేడు సగం దిగి ఊగింది. నాయన లేచి నిలబడ్డాడు. అది మునగలేదు.

"ఇంతేనా?" అన్నాడు అధికారి.

"కాసేపు ఆగండి."

గ్లాసు కిటికీలో ఎండకు పెట్టాను. ఎప్పుడో ఒక్కసారి లేబొరేటరీలో చేసిన పని. పది నిమిషాలైనా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. తర్వాత మెల్లగా టీ రంగు దిగింది. గ్లాసు ఎత్తి వంచితే అంచు వెంబడి నీలం తళుక్కుమంది. "ఈ నీలం వేగిసది సార్, చందనానికి రాదు," అన్నాను.

అధికారి తనూ వంచి చూశాడు. మళ్లీ వంచి చూశాడు.

"సరేప్పా, నువ్వు పో. కాయితం లేకుండా మొద్దు మాత్రం కదలదు." నా వైపు తిరిగాడు. "దీన్ని గూడా కాపాడాల్సిందేనా మేడం?"

"చందనం అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. ఇది ఆ వరుసలో దానికి కాస్త వెనక. కాకపోతే చందనానికి మీ కాపలా ఉంది."

ఆయన పుస్తకం మూసేశాడు.

తిరుగు బస్సులో నాయన కిటికీలోంచి కొండవైపు చూస్తూ అడిగాడు.

"కొండలో ఇంగా ఉండాయంటావామ్మా, యేగిస చెట్లు?"

ఏటా ఆ చెట్టు గురించి పాఠం చెబుతాను. మా గట్టు మీద తప్ప ఇంకెక్కడా నిలబడి ఉండగా చూసిన గుర్తు లేదు.

"తెలియదు నాయనా," అన్నాను.

మొద్దు కోసం ఆయన మళ్లీ పోలేదు.